మూర్ఛరోగుల కుపకారి యైన డాక్టరు ఆల్ఫ్రెడ్ హౌప్ట్‌మన్

సీతమ్మధార రైతుబజారు కడ గాని, గురుద్వారా కూడలి కడ గాని, దారిన బోవు మనుష్యు డొకడు ఉన్నట్టుండి నేలగూలి, కాలుసేతులు కొట్టుకొనుచు, నోట నురుగు గ్రక్కుచుండగా చూచినవారు మనలో పెక్కుమంది యుందురు. అప్పుడు గుమిగూడినవారు చేయు పనులును మన మెఱిగినవే. ఒకడు తాళపుచెవుల గుత్తి దెచ్చి వాని గుప్పిట బెట్టును. వేఱొకడు ఉల్లిపాయ చిదిపి ముక్కున కానించును. ఇంకొకడు పండ్లనడుమ చెంచా దూర్ప జూచును. రెండు మూడు నిమిషములలో మూర్ఛ తనంత తానే తీఱును. తాళపుచెవుల మహిమచేత తీఱెనని తలచి జనులు సంతోషముతో నెవరిదారిని వారు పోవుదురు. పడినవాడు మాత్రము సిగ్గుతో బట్టలు దులుపుకొని, ఎవరి మొగమును చూడలేక యింటికి బోవును.

ఆ పడినవాడు దయ్యము పట్టినవాడు కాడు, పిచ్చివాడు కాడు, అంటురోగము గలవాడు అంతకంటెను కాడు. వాని మెదడులో కొన్ని నిమిషములపాటు విద్యుత్ప్రవాహము కట్టుదప్పినది, అంతియే. ఆ ప్రవాహమును కట్టులో నుంచుటకు మిక్కిలి పనికివచ్చు మందును మొట్టమొదట లోకమునకు చూపినవాడు జర్మనీదేశపు వైద్యు డొకడు. ఆయన పేరు ఆల్ఫ్రెడ్ హౌప్ట్‌మన్. మూర్ఛవైద్యపు చరిత్రలో ఆయన పేరు సుప్రసిద్ధమైనను, ఆయన చూపిన మందు మ్రింగి కాలము గడపువారిలో ఆయన కథ యెఱిగినవారు అరుదు. కావున మన పాఠశాల బాలబాలికల కొఱకును, వారి తలిదండ్రుల కొఱకును ఆ మహనీయుని జీవితమును సంగ్రహముగా నిట వ్రాయ బూనితిమి.

హౌప్ట్‌మన్ 1881వ సంవత్సరము ఆగస్టు 29వ తేదీన, అప్పటి జర్మనీలో చేరిన ఎగువ సైలీషియా మండలమున, గ్లైవిట్జు పట్టణమున నొక యూదుల కుటుంబమున జన్మించెను. ఆ పట్టణము నేడు గ్లివీట్సె అను పేర పోలండుదేశమున నున్నది. బొగ్గుగనులును, ఇనుము పోతపోయు కార్ఖానాలును గల ప్రదేశ మది. ఉక్కునగరమని పేరొందిన విశాఖపట్టణపు పిల్లలకు అట్టి యూరి పొగయు, రాత్రివేళ కొలుముల యెఱ్ఱని వెలుగును క్రొత్తవి కావు. ఆయన హైడెల్‌బర్గు, మ్యూనికు నగరముల విశ్వవిద్యాలయములలో వైద్యశాస్త్రము నభ్యసించెను. పట్టము పొందినపిదప హాంబర్గు నగరమున మాక్సు నోన్నె యను ప్రఖ్యాత నరముల వైద్యుని కడ సహాయకుడై, వెన్నెముకలోని నీటిని పరీక్షించి నరముల వ్యాధులను కనిపెట్టు పద్ధతులను గూర్చి పరిశోధనలు చేసెను. తరువాత ఫ్రైబర్గు విశ్వవిద్యాలయమునకు చేరిన మానసిక వైద్యశాలకు వచ్చెను. అచ్చటి యధికారి ఆల్ఫ్రెడ్ హోహె. ఈ హోహె పేరు చదువరులు జ్ఞాపకముంచుకొందురు గాక. మఱల చెప్పవలసి వచ్చును.

ఆ కాలమున మూర్ఛరోగుల స్థితి మిక్కిలి దయనీయముగా నుండెను. రోగము ముదిరినవారిని ఇండ్లలో నుంచుకొనలేక బంధువులు వైద్యశాలలకు దెచ్చి యప్పగించి పోవువారు. పెక్కుమంది యచ్చటనే పెరిగి యచ్చటనే మరణించెడివారు. ఇంగ్లండులో సర్ చార్లెసు లోకాకు అను వైద్యుడు 1857లో వెల్లడించిన నాటినుండి బ్రోమైడు లవణమొక్కటే వారికి కొంత పనికివచ్చు మందుగా నుండెను. అది మూర్ఛలను కొంతవఱకు తగ్గించు మాట నిజమే. కాని దానిని దినదినమును మ్రింగినవారి చర్మముపై పొక్కులు లేచును; జ్ఞాపకశక్తి నశించును; మనస్సు మొద్దువాఱును. రోగమువలన కొంతయు, మందువలన కొంతయు మందమతులై, ఆ రోగులు గోడల నానుకొని కూర్చుండి దినములు గడుపుచుండిరి. రోగ మొకవైపు, మందు వేఱొకవైపు త్రొక్కుచుండగా నడుమ నలిగిపోవుచుండిన జీవు లనవలెను.

ఇట్లుండగా జర్మనీలో రసాయన శాస్త్రజ్ఞులు నిద్రపట్టించు క్రొత్తమందులను కనుగొనుచుండిరి. 1903లో ఎమిల్ ఫిషరును, యోసెఫ్ ఫన్ మేరింగును వెరొనాల్ అను మందును వెలువరించిరి. అదే వంశమునకు చేరిన ఫినోబార్బిటాల్ అను మందును బేయరు కంపెనీవారు 1912లో లూమినాల్ అను పేర అంగడికి తెచ్చిరి. దానిని నిద్ర లేనివారికి నిద్ర కలిగించుటకును, కలత చెందినవారిని శాంతపఱచుటకును ఉపయోగించుచుండిరి. మూర్ఛకు అది మందగునని యెవరికిని తోచలేదు.

హౌప్ట్‌మన్ వైద్యశాలలోనే, మూర్ఛరోగులుండు వార్డుకు సమీపమున బస చేయుచుండెనని చెప్పుదురు. రాత్రులందు రోగులు మూర్ఛవచ్చి మంచముల మీదినుండి పడు చప్పుళ్లతోను, కేకలతోను ఆయనకు నిద్ర పట్టకుండెనట. వారిని కొంత నెమ్మదిపఱుపవలె నను తలంపుతో ఆయన వారికి లూమినాలు నిచ్చెను. రోగులు నిద్రించిరి, వైద్యుడును నిద్రించెను. ఇంతటితో నాగినచో లోకమున కేమియు లాభము లేకపోయెడిది. కాని హౌప్ట్‌మన్ మఱునాటి యుదయమున గమనించిన దేమనగా, ఆ మందు తిన్నవారికి మూర్ఛలు తగ్గినవి. రాత్రియందే కాదు, పగటివేళలయందును తగ్గినవి. నిద్రచేతనే మూర్ఛ లాగినవనుకొన్నచో, మేలుకొనియున్న వేళలలో ఏల తగ్గవలెను? ఈ చిన్న ప్రశ్నయే ఆయన కీర్తికి మూలము.

బాలబాలికలారా, ఇట్టి యదృష్టము పెక్కుమంది యెదుటికి వచ్చి, పలుకరించి పోవును. దానిని నిలిపి లెక్కవ్రాసికొనువారు కొందఱే. హౌప్ట్‌మన్ తొందరపడలేదు. రోగుల నొక్కొక్కరిని బహుకాలము పరీక్షించుచు, ఎన్ని మూర్ఛలు వచ్చినవి, ఎంత తీవ్రముగా వచ్చినవి యని లెక్కలు గట్టెను. బ్రోమైడు ఎంత యిచ్చినను లొంగని రోగులకు గూడ క్రొత్తమందువలన మూర్ఛలు తగ్గెను. కొందఱికి పూర్తిగా నాగిపోయెను. బ్రోమైడు మానుటచేత వారి శరీరములు బాగుపడెను; బుద్ధియు తేటపడెను. గోడల నానుకొని కూర్చుండినవారిలో కొందఱు వైద్యశాల వీడి యిండ్లకు బోయిరి. కొందఱు మఱల పనులలో ప్రవేశించిరి. ఈ ఫలితములను ఆయన 1912లో మ్యూనికు నగరపు వైద్య వారపత్రికలో ప్రకటించెను. అప్పటికి ఆయన వయస్సు దాదాపు ముప్పదియొక సంవత్సరములు.

దీనిపై సంశయములును పుట్టెను. మూర్ఛను మందుతో నడ్డగించినచో అది లోపల కూడబెట్టుకొని యొక్కసారిగా మఱింత తీవ్రముగా వెలువడునేమో యని కొందఱు వైద్యులు భయపడుచుండిరి. ఏటికి కట్టవేసినచో నీరు నిండి కట్ట తెగునట్లని వారి యూహ. హౌప్ట్‌మన్ ఈ భయమునకు తావులేదని చూపెను. ఆయన మఱియొక నిజమును దాచలేదు. మందు మానినతోడనే మూర్ఛలు మరలి వచ్చుచుండెను. కనుక ఇది రోగమును వేరుతో పెఱికివేయు మందు కాదు; వాడుచున్నంతకాలము అణచియుంచు మందు మాత్రమే. తాను కనుగొన్నదానిని గొప్పచేసి చెప్పుకొనకుండుట శాస్త్రజ్ఞునకు ముఖ్యమైన గుణము. అది యీయనయందు నిండుగా నుండెను.

రెండేండ్లలో మొదటి ప్రపంచయుద్ధము వచ్చెను. హౌప్ట్‌మన్ జర్మను సైన్యమున వైద్యుడై పనిచేసెను. శత్రుదేశముల నడుమ పత్రికల రాకపోకలు నిలిచిపోవుటచేత, ఆయన మందును గూర్చిన వార్త ఇంగ్లండు, అమెరికాలకు చేరుట ఆలస్యమయ్యెను. యుద్ధానంతరమున నది లోకమంతట వ్యాపించెను. మన విశాఖపట్టణమున 1923లో వైద్యకళాశాల నెలకొల్పబడునప్పటికి ఆ మందు మూర్ఛకు వచ్చి పదునొకం డేండ్లు. అటుపిమ్మట గార్డినాలు బిళ్లలను పేర మన వైద్యులు వ్రాసి యిచ్చినదియు ఈ ఫినోబార్బిటాలే.

1926లో ఆయనను హాల్లె విశ్వవిద్యాలయమున ఆచార్యునిగను, అచ్చటి మానసిక, నరముల వైద్యశాలకు అధ్యక్షునిగను నియమించిరి. తొమ్మిది సంవత్సరము లాయన యా పదవిలో నుండి యనేక విద్యార్థులకు చదువు చెప్పెను. ఆ కాలముననే ఆయన పుట్టిన దేశము వేఱొక త్రోవను త్రొక్కుచుండెను.

ఇప్పుడు హోహెను మఱల తలచుకొందము. హౌప్ట్‌మన్ రోగులకు మందిచ్చి నిద్రపుచ్చిన ఫ్రైబర్గు వైద్యశాలకు అధికారియైన యా హోహె, 1920లో కార్ల్ బైండింగు అను న్యాయశాస్త్ర పండితునితో కలసి యొక చిన్న పుస్తకమును ప్రకటించెను. నయముకాని మనోరోగముగల కొందఱి బ్రతుకు బ్రతుకే కాదనియు, వారిని పోషించుట దేశమునకు భారమనియు, వారిని చంపుటకు చట్టము అనుమతింపవలె ననియు నా గ్రంథమునందలి వాదము. ఒకే వైద్యశాల, ఒకే విధమైన రోగులు. సహాయకుడు వారి నిద్రను గూర్చి యాలోచించెను. అధికారి వారి తిండిఖర్చును గూర్చి యాలోచించెను. ఈ రెండు చూపుల భేదమును విద్యార్థులు మనస్సున పట్టించుకొనవలెను.

1933లో హిట్లరు పక్షమువారు అధికారమునకు వచ్చిరి. ఆ యేటి జూలైలో చేసిన చట్టమున, వంశపారంపర్యమైన మూర్ఛరోగము గలవారికి సంతానము కలుగకుండ బలవంతముగా శస్త్రచికిత్స చేయవచ్చునని శాసించిరి. 1939లో మొదలైన హత్యాకార్యక్రమమున వైద్యశాలలలోని రోగులను, వికలాంగులైన పిల్లలను వేలకొలది చంపిరి. వారిలో మూర్ఛరోగులును పెక్కుమంది యుండిరి. చెప్పుటకు నోరాడని సంగతి యింకొకటి కలదు. ఆ పిల్లలను, రోగులను చంపుటకు కొన్ని వైద్యశాలలలో వాడిన మందు లూమినాలే. మోతాదు మించి మఱల మఱల ఇచ్చి వారిని చంపిరి. మూర్ఛరోగికి ప్రాణమిచ్చిన మందే మూర్ఛరోగి ప్రాణము తీసెను. మందులో భేదము లేదు. ఇచ్చిన చేతులలోనే భేదము.

యూదుడగుటచేత హౌప్ట్‌మన్ 1935లో ఆచార్యపదవినుండి తొలగింపబడెను. యుద్ధమున దేశమునకు చేసిన సేవ గాని, లోకమునకు చేసిన యుపకారము గాని ఆయనకు అడ్డురాలేదు. 1938 నవంబరులో జర్మనీయందంతట యూదుల ఇండ్లపై, అంగళ్లపై, ప్రార్థనామందిరములపై దాడులు జరిగినప్పుడు ఆయనను గూడ పట్టుకొని డాకౌ నిర్బంధశిబిరమున చెఱ బెట్టిరి. అప్పటికి ఆయనకు ఏబదియేడేండ్లు. విడుదలయైన పిమ్మట స్విట్జర్లాండు, ఇంగ్లండుల మీదుగా 1939లో అమెరికా చేరి, బోస్టను నగరమున స్థిరపడెను.

పెద్ద వైద్యశాల నేలినవాడు పరాయిదేశమున పరభాషలో తిరిగి మొదలుపెట్టవలసి వచ్చినను ఆయన పరిశోధన మానలేదు. తనవలెనే జర్మనీలో పదవి పోగొట్టుకొని వచ్చిన జీగ్‌ఫ్రీడ్ తాన్‌హౌజరు అను వైద్యునితో కలసి, ఒక కుటుంబమున తరతరములుగా వచ్చుచుండిన కండరముల వ్యాధిని పరీక్షించి, 1941లో దానిని గూర్చి వ్యాసము ప్రకటించెను. ఆ వ్యాధికి వారిద్దఱి పేర్లును కలిపి పెట్టిరి. ఆయన చేరిన బోస్టనులోనే, అంతకు కొంచెము ముందు, 1938లో హ్యూస్టన్ మెరిట్టును, ట్రేసీ పట్నమును ఫినిటోయిన్ అను మఱియొక మూర్ఛమందును వెలువరించి యుండిరి. ఇట్లు మూర్ఛవైద్యపు రెండవ మెట్టు కట్టబడిన యూరిలోనే మొదటి మెట్టు కట్టినవాడు తలదాచుకొనెను. అచ్చటనే 1948వ సంవత్సరమున హౌప్ట్‌మన్ పరమపదించెను.

మన తెలుగువారి కిట నొక సంబంధము గూడ కలదు. భీమవరమున పుట్టి, అదే బోస్టను నగరమున హార్వర్డు విశ్వవిద్యాలయమున పెక్కేండ్లు పరిశోధనలు చేసి, 1940లో లెడర్లీ ప్రయోగశాలకు వెళ్లిన యెల్లాప్రగడ సుబ్బారావుగారును అదే 1948లోనే అమెరికాలో మరణించిరి. లెడర్లీలో సుబ్బారావుగారి యాజమాన్యమున పనిచేసిన శాస్త్రజ్ఞులు 1945లో ఫోలికామ్లమును తయారుచేసిరి. ఫినోబార్బిటాలు, ఫినిటోయిను దీర్ఘకాలము వాడినవారి రక్తమున ఫోలికామ్లము తగ్గునని తరువాత తెలియవచ్చెను. కావుననే మూర్ఛమందులు వాడు స్త్రీలకు, గర్భము ధరించుటకు ముందునుండియే ఫోలికామ్లపు బిళ్లలను వైద్యులు వ్రాయుదురు. ఒకరి మందు చేయు కొఱతను మఱియొకరి మందు తీర్చుచున్నది.

హౌప్ట్‌మన్‌కు తన మందు పనిచేయుచున్నదని తెలియును గాని, ఎట్లు పనిచేయుచున్నదో తెలియదు. ఆ రహస్యము ఆయన మరణించిన రెండేండ్లకు మెల్లగా బయటపడ నారంభించెను. దానిని బాలురకు తెలియునట్లు చెప్ప యత్నింతుము.

మన మెదడులో దాదాపు 8,600 కోట్ల నాడీకణము లున్నవి. ఇవి యొకదానితో నొకటి నిరంతరము సంకేతములు పంపుకొనును. కొన్ని సంకేతములు ప్రక్కకణమును రెచ్చగొట్టును, కొన్ని యణచును. సింహాచలము కొండ దిగు బస్సుకు యంత్రముతోపాటు బ్రేకును ఎంత యవసరమో, మెదడునకు ప్రేరణతోపాటు నిరోధమును అంతే యవసరము. బ్రేకు సడలినచో వేలకొలది కణములు ఒక్కసారిగా, ఒక్క తాళమునకు సంకేతములు వెలువరించును. అదియే మూర్ఛ. పుట్టుకలో మెదడునకు తగిలిన దెబ్బ, తలగాయము, మెదడువాపు జ్వరము, మెదడులో చేరిన బద్దెపురుగు పిల్లపురుగులు, వంశలక్షణము మొదలగునవి దీనికి కారణములు.

1950లో అమెరికాలో యూజీన్ రాబర్ట్సు మొదలగు శాస్త్రజ్ఞులు మెదడులో గాబా యను పదార్థమున్నదని కనుగొనిరి. ఇదియే మెదడునకు ముఖ్యమైన బ్రేకు. వింత యేమనగా, కణములను రెచ్చగొట్టు గ్లుటామికామ్లమునుండియే మెదడు ఈ గాబాను తయారుచేసికొనును. ఈ మార్పునకు బి-6 విటమిను తోడ్పడును. ఆ విటమిను చాలని పసిపిల్లలకు మూర్ఛలు వచ్చుట గలదు.

ఈ గాబా వచ్చి తాకుటకు నాడీకణపు గోడపై గ్రాహకములను చిన్న ద్వారము లున్నవి. అయిదు ప్రోటీను పలకలను గుండ్రముగా నిలిపి నడుమ సన్నని దారి విడిచినట్లు వీని నిర్మాణ ముండును. 1987లో వీని జన్యువుల అక్షరక్రమము మొదట తెలిసెను. గాబా తాళపుచెవివలె వచ్చి తగులగా ఆ ద్వారము తెఱచుకొనును. దానిగుండ క్లోరైడు కణములు లోనికి బోవును. మన సముద్రపుటుప్పులో నున్న క్లోరైడే యిది. అది ఋణవిద్యుత్తు గలది గావున, లోనికి బోయినపుడు నాడీకణము నెమ్మదించి, సులభముగా రేగదు.

హౌప్ట్‌మన్ ఇచ్చిన ఫినోబార్బిటాలు ఈ ద్వారమున వేఱొకచోట నంటుకొని, గాబా తెఱచిన తలుపును మఱింతసేపు తెఱచియుంచును. డయాజిపామ్, లోరాజిపామ్ అను మందులు ఇంకొకచోట నంటుకొని, తలుపు మాటిమాటికి తెఱచుకొనునట్లు చేయును. అనగా ఈ మందులు క్రొత్తబ్రేకును పెట్టుటలేదు. మెదడునకు సహజముగా నున్న బ్రేకునకే బలము చేకూర్చుచున్నవి. ఈ ద్వారములను నిర్మించు జన్యువులలో లోపముండుటచేతనే కొన్ని కుటుంబములలో మూర్ఛ తరతరముల వచ్చుచున్నదని గూడ 2001 నుండి తెలియవచ్చినది. గుమిగూడినవారు గుప్పిట బెట్టు తాళపుచెవులు ఏ తలుపును తెఱవవు. తెఱవవలసిన తలుపు మెదడులో నున్నది. దాని చెవి వేఱు.

ఇందుండి మన కొక ముఖ్యమైన సంగతి తెలియుచున్నది. మూర్ఛ చాలసేపు విడువక సాగినచో, నాడీకణము తన గోడపైనున్న ఈ ద్వారములలో కొన్నింటిని లోనికి లాగుకొనును. అప్పుడు మందిచ్చినను అంటుకొనుటకు తావు తగ్గును. కావున మూర్ఛ అయిదు నిమిషములు మించినచో ఆలస్యము చేయక వైద్యశాలకు చేర్పవలెను. గడియలు గడచినకొలది మందు బలము సన్నగిల్లును.

ఫినోబార్బిటాలునకు దోషములు లేకపోలేదు. అది నిద్రమత్తు కలిగించును. కొందఱు పిల్లలకు చదువున చుఱుకుదనము తగ్గును. కొందఱు మితిమీఱిన అల్లరిపాలగుదురు. గర్భిణుల విషయమున మిక్కిలి జాగ్రత్త వలయును. అందుచేత నేడు వైద్యులు రోగమునుబట్టి, వయస్సునుబట్టి వేఱు మందులను గూడ నెంచుకొందురు. ఐనను అది మిక్కిలి చవుక. 1977లో ప్రపంచ ఆరోగ్యసంస్థ మొదటిసారి ప్రకటించిన అత్యవసరౌషధముల పట్టికలోనే దానికి చోటు దొరకెను. లోకమున సుమారు 5 కోట్లమంది మూర్ఛరోగు లున్నారనియు, వారిలో నూటికి 80 మంది వఱకు పేద, మధ్యతరగతి దేశములలో నున్నారనియు, సరియైన చికిత్స దొరకినచో నూటికి 70 మంది మూర్ఛలు లేకయే బ్రతుకవచ్చుననియు ఆ సంస్థ చెప్పుచున్నది. నూటికి 70 మంది బాగుపడగల రోగమును దాచిపెట్టి ముదురజేయుట యెంత తప్పు!

దాచుటకు కారణము భయము, అందులోను పెండ్లి భయము. మన హిందూ వివాహచట్టమున సైతము ఒకప్పుడు మాటిమాటికి వచ్చు మూర్ఛను వివాహమునకు అడ్డుగా వ్రాసియుండిరి. 1999లో పార్లమెంటు ఆ మాటను తొలగించెను. చట్టము మాఱినది, మన యిండ్లలోని మాట ఇంకను మాఱవలసి యున్నది. కూతురికి మూర్ఛ యున్నదని చెప్పుటకు వెఱచి, పెండ్లినాటికి మందు మాన్పించు తలిదండ్రులు కలరు. ఉన్నట్టుండి మందు మానుట మిక్కిలి యపాయకరము; ఆగక వచ్చు మూర్ఛలతో ప్రాణమునకే ముప్పు రావచ్చును. మందు తగ్గించుట గాని, మానుట గాని వైద్యుని మాటపైననే మెల్లమెల్లగా జరుగవలెను.

బాలబాలికలారా, మీ తరగతిలో గాని, వీథిలో గాని యెవరైన మూర్ఛవచ్చి పడినప్పుడు మీరు చేయవలసినవి కొన్నియే. చుట్టు గుమిగూడకుడు; గాలి రానిండు. దగ్గఱనున్న రాళ్లు, బల్లలు తొలగింపుడు. తలక్రింద మెత్తని బట్ట నుంచుడు. కొట్టుకొను కాలుసేతులను బలవంతముగా పట్టుకొనకుడు. నోట చెంచా గాని, నీరు గాని, మఱేమియు గాని పెట్టకుడు. గడియారము చూచి యెంతసేపు వచ్చినదో గమనింపుడు. కొట్టుకొనుట తగ్గినతోడనే మెల్లగా ప్రక్కకు తిప్పి పరుండబెట్టుడు. అయిదు నిమిషములు మించినను, తెలివి రాకుండ మఱల వచ్చినను కింగ్ జార్జి ఆస్పత్రికో, సమీపమున నున్న వైద్యశాలకో చేర్పుడు. తెలివి వచ్చినపిమ్మట వాని ప్రక్కన కూర్చుండి నెమ్మదిగా మాటలాడుడు. వానికి ఆ సమయమున కావలసినది ఇనుము కాదు, తోడు.

ఒక వైద్యుడు తన వార్డులోని రోగులను లెక్కకురాని జీవులుగా గాక, నిద్ర కావలసిన మనుష్యులుగా చూచెను. ఆ చూపునుండియే మందు దొరకెను. అట్టివానిని ఆయన దేశము వెళ్లగొట్టెను. ఆయన మందు మాత్రము దేశముల యెల్లలు దాటి, సీతమ్మధార వీథులలోని మందుల అంగళ్ల వఱకు వచ్చి, నేటికిని పేదవాని చేతికి అందుచున్నది. మూర్ఛతో బాధపడు తోడి విద్యార్థిని చూచి నవ్వక, వెఱవక, వాని ప్రక్కన కూర్చుండగల బాలు డొక్కడు ఈ వ్యాసమువలన మన పాఠశాలలో తయారైనచో మా శ్రమ ఫలించినదని తలంతుము.